‘ఉన్నడు గని లేడనుకో’: ఏకవాక్య వ్యాఖ్య

అవతారిక. 2025 డిసెంబర్ మొదటి వారం. విశ్రాంతి, రాత్రి డ్యూటీల కొత్త నియమాలకు సరిపడా పైలట్లు లేక ఇండిగో విమానాలు వందల లెక్కన రద్దయ్యాయి. శంషాబాద్‌లో ప్రయాణికుల గోల టీవీలో చూసి, జనగామ నుంచి మా ఆవిడ పెద్దమ్మ ఫోన్ చేసింది. ‘‘విమానాలు బందైనయట గద బిడ్డా. అల్లునికి ఇగ పనేముంటది? ఐతారం యాటను కోస్తున్నం, ఇద్దరు రాండ్రి.’’

పెద్దమ్మ లెక్కలో అల్లుడు పైలట్. అబద్ధమేం కాదు. రైల్వేవారు డ్రైవర్ అనే మాట తీసేసి లోకో పైలట్ అని పెట్టారు. సంబంధం మాట్లాడేనాడు ఆ ‘లోకో’ దారిలో ఎక్కడో జారిపోయింది. నేను నడిపేది బొగ్గు గూడ్సు. కాపురం డోర్నకల్ జంక్షన్‌లో. మంచం మీద కళ్లు మూసుకుని ఉన్న నన్ను ఒకసారి చూసి మా ఆవిడ ఇచ్చిన జవాబే ఈ మూలం.

మూలం: ‘‘పెద్దమ్మా, ఆయన ఇంట్లనే ఉన్నడు గని లేడనుకో.’’

వ్యాఖ్యాతల్లో పెద్దవాడు మల్లినాథ సూరిది మన మెదక్ సీమ కొల్చారమే. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన నియమం. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం నావల్ల కాదు. డ్యూటీ పిలుపు వరుసలో నా ముందు ఇంకా ఇద్దరున్నారు, పొద్దు గడవాలి.

టీక. ఆయన = భర్త; పేరు పలకకపోవడం గౌరవార్థం, ఇక్కడ కొంత విసుగు ధ్వని. ఇంట్లనే = ఇంటిలోనే. ‘ఏ’ అన్నది అవధారణార్థకం, అంటే ఇంకెక్కడా కాదు అని. మరి ఇల్లంటే ఎంత మేర? పిలుపు వచ్చిన రెండు గంటల్లో, బండి సిబ్బంది హాజరు వేయించుకునే లాబీలో సైన్ ఆన్ చేయాలి కనుక, రెండు గంటల్లో తిరిగి రాగలిగినంత మేరా ఇల్లే. ఈ న్యాయాన మానుకోట సంత ఇల్లే. సినిమా హాలు ఇంటర్వెల్ దాకా ఇల్లు, ఆ తర్వాత పరదేశం. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా జనగామలో దిగొచ్చు, కానీ జనగామ ఇల్లు కాదు. ఉన్నడు = దేహమాత్రంగా ఉన్నాడు. చెవి మాత్రం చార్జర్‌కు వేలాడుతోంది.

గని = ఇది కవయిత్రి ప్రతిభ. మన యాసలో ‘గని’ అంటే ‘కాని’. బొగ్గు తవ్వే చోటూ గనే. శ్లేష. ‘ఉన్నడు, కాని లేడు’ అని ఒక అర్థం. ‘ఉన్నడు, గని ఉన్నది కనుక లేడు’ అని రెండోది. మణుగూరు, కొత్తగూడెం వైపు గనుల బొగ్గు మా డోర్నకల్ మీదుగానే మెయిన్ లైన్ ఎక్కుతుంది. ఎక్స్‌ప్రెస్ నడిపేవారికి లింక్ ఉంటుంది, ఏ రోజు ఏ బండో ముందే తెలుస్తుంది. గూడ్సుకు టైం టేబుల్ లేదు. 58 వ్యాగన్లు నిండాలి, ఇంజన్ దొరకాలి, లైను ఖాళీ కావాలి. అప్పుడు, రెస్ట్ ఎవరికి ముందు పూర్తయితే వారికి ముందు కాల్. నడుమ ఒకరికి జ్వరమొస్తే వరుసంతా ఒక మెట్టు ముందుకు జరుగుతుంది. పొద్దున లేచి నేను చూసుకునేది రాశిఫలం కాదు, నా ముందు ఎందరున్నారని.

ఈ శ్లేష మా భూపాలపల్లి బావకు మింగుడుపడదు. ఆయన సింగరేణి కార్మికుడు. ఆ పట్టణానికి రైలే లేదు. అక్కడి బొగ్గు పక్కనే చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలో కాలుతుంది. అందుకని ఆయన బొగ్గూ నా బొగ్గూ ఎన్నడూ ఎదురుపడవు. ఆయన ఆక్షేపం ఇది: ‘‘మస్టర్ పడ్డదా? పడలే. అట్లయితే నువ్వు డ్యూటీల లేవు. డ్యూటీల లేనోడు ఇంట్ల ఉన్నట్టే. రా, జనగామ పోదాం.’’ ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్, ప్లే డే అనే వారపు సెలవు, లేకుంటే నాగా. ఆయన శాస్త్రంలో ఆరో పదార్థం లేదు. ఎనిమిది గంటలు, ఆపైన పనిచేసి సొంత స్టేషన్‌కు చేరితే 16 గంటల విశ్రాంతి, తక్కువ చేస్తే 12. అది తీరిన క్షణం నుంచి ఫోన్ మోగే క్షణం దాకా ఉన్న ఆ నడిమి కాలమే ఆరోది, దానికి మస్టర్ లేదు అని చెప్పాను. ‘‘ఉత్తగ పండుకుంటే డ్యూటీ ఎట్లయితది?’’ అన్నాడు. పూర్వపక్షం బలమైనదే, ఒప్పుకోవాలి.

విమానం నడిపేవారికీ ఈ అవస్థ ఉంది. స్టాండ్‌బై అంటారు. ఒకరికి ఒంట్లో బాగాలేకపోయినా, ముందు ప్రయాణం ఆలస్యమై ఆ సిబ్బందికి గంటలు నిండినా ఇంట్లో ఉన్నవారికి ఫోన్ వస్తుంది. 2025 జులై 1 నుంచి వారి వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. మాకు నెలకు 30 గంటలవి నాలుగు, లేదా 22 గంటలవి ఐదు. అందులో ఒక నిండు రాత్రి పడక మీదే గడవాలని నియమాల్లోనే రాసి ఉంది. శయనాన్ని ఇంత శ్రద్ధగా ఏ కావ్యమూ వర్ణించలేదు.

లేడనుకో = ‘లేడు’ అనలేదు, ‘అనుకో’ అంది. అబద్ధం ఆడకుండా దావత్ తప్పించిన చోటు ఇదే. ఇక్కడ పాఠాంతరం ఉంది. సిగ్నల్ సరిగా లేక పెద్దమ్మ చెవిన పడింది ‘ఉన్నడు గని లేవడు’ అని. ఆ పాఠమే జనగామ అంతటా ప్రచారంలో ఉంది. పైలటల్లుడు పట్టపగలు మంచం దిగడట. రాత్రంతా సిగ్నళ్లు చూసి తెల్లారి పడుకున్నవాడి విషయంలో ఈ పాఠాన్నీ తోసిపుచ్చలేం.

అలంకారం విరోధాభాసం. పోలిక కోసం అదే జనగామ జిల్లా బమ్మెర పోతన గారి విష్ణుమూర్తిని చూడండి. ఏనుగు మొర వినగానే లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు పట్టలేదు, గరుడుణ్ణి సిద్ధం చేయలేదు, ఆమె పైట కొంగు చేతిలో పట్టుకుని అలాగే బయల్దేరాడు. భక్తులకు అది కరుణ. లాబీలో కూర్చుని చదివితే మాత్రం సైన్ ఆన్ లేదు, పరికరాలు లేవు, అసిస్టెంట్ లేడు, బండి తనిఖీ లేదు, చార్జ్‌షీట్ ఖాయం. మేం జెండాలు, టార్చి సర్దుకోవాలి, లాబీలో యంత్రంలోకి ఊది, కల్లు తాగలేదని నిరూపించుకోవాలి. ఇదంతా విన్న మా ఆవిడ అంది: ‘‘ఆయన చెప్పకుంటనన్న పోయిండు. నువ్వు పోకముందే పోతివి.’’

మా నాన్న కాలంలో కాల్ బాయ్ సైకిల్ మీద వచ్చేవాడు. అర్ధరాత్రి తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం చేయించుకుని పోయేవాడు. కాలనీ కుక్కలకు కూడా అతని బెల్లు తెలుసు. ఇప్పుడు ఫోనే. ఇంట్లో గడియారం మాత్రం వేరే ఉంది. కూర పొద్దున్నే అయిపోతుంది. మా ఆవిడ బియ్యం కడిగి గిన్నెలో పెడుతుంది, పొయ్యి మీద పెట్టదు. కాల్ రాగానే మంట. బండి ఎక్కేసరికి టిఫిన్‌లో అన్నం ఇంకా పొగలు కక్కాలి. నా ముందు ఎందరున్నారో ఆమెకు చెప్పక్కర్లేదు, గిన్నె చూస్తే నాకే తెలుస్తుంది. ఇవాళ నీళ్లు రెండుసార్లు మార్చింది.

తాత్పర్యం: ఐతారం మేం రావడం లేదు. తలకాయ కూర పంపించండి.

ఇది డోర్నకల్ జంక్షన్ వాస్తవ్యుండును, బొగ్గు గూడ్సు సారథియు, జనగామ వారి యల్లుండును నగు వ్యాఖ్యాతచే, తనకు ముందిద్దరుండగా నారంభింపబడి యొక్కండుండగా ముగింపబడిన ‘లేడనుకో’ వాక్యవ్యాఖ్య సర్వంబు నేకాశ్వాసము.