పందిని నంది చేసే విద్య

పంది ఎంత బలిసినా నంది కాదన్నారు పెద్దలు. పాపం, వాళ్ళు పుస్తకావిష్కరణ సభలకు వెళ్ళి ఉండరు. అక్కడ వక్త మైకు సర్దుకుని "పైకి ఇది పంది కథే, కానీ..." అంటాడు. ఆ 'కానీ' తర్వాత పందికి పందిగా బతికే యోగం ఉండదు. ఒకాయన దాన్ని మానవుడి అస్తిత్వ వేదన చేస్తాడు. రెండో ఆయన ప్రపంచీకరణ చేస్తాడు. మూడో ఆయన, భోజనాల వేళ దాటిపోతున్నా సరే, వరాహావతారం దాకా వెళ్ళి భూదేవిని కోరల మీద పైకెత్తి గాని మైకు వదలడు. అధ్యక్షుల వారు ముగ్గురితోనూ ఏకీభవిస్తారు.

ఊరికే పంది పేరెత్తడం లేదు నేను. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' నవలలో ఉన్నది నిఖార్సయిన పంది. చూడి పంది ఇంటికి రాలేదు. దాన్ని మేపే ముసలాయన వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. ఒక్క రాత్రి కథ, అంతే. రాసినాయన చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టరు. ఒంటి మీద మచ్చ కనిపిస్తే ఇది దేనికి ప్రతీక అని ఆలోచించే వృత్తి కాదది. అక్కడ స్పర్శ ఉందో లేదో చూడాలి. పందినీ, అడవినీ, ముసలాయన ముసలితనాన్నీ ఆ చూపుతోనే చూశాడు.

అయినా ఈ నవల గురించి నోరు విప్పగానే చాలామందికి హెమింగ్వే గుర్తొస్తాడు. క్యూబా ముసలాయనకు చేప, మన ముసలాయనకు పంది. పోలిక తప్పని అనను. అది ఏం పని చేసిపెడుతోందో చూడమంటున్నాను. పందులు మేపేవాడు పందులు మేపేవాడిగానే సభలోకి వస్తే కుర్చీ చూపించే నాథుడుండడు. 'ప్రకృతితో తలపడే మానవుడు'గా, అదీ నోబెల్ గ్రహీత సిఫారసుతో వస్తే ముందు వరసలో కూర్చోబెడతారు. పైగా మానవుడయ్యాక అతణ్ణి కులం అడగక్కర్లేదు. పంది పోతే ఇల్లెట్లా గడుస్తుందని అడగక్కర్లేదు. అంతరార్థాల వేటలో ఉన్న అసలు సుఖం ఇదే. అర్థం జోలికి పోయే పని తప్పుతుంది.

ఇంతకీ ఆ సిఫారసు చేసినాయన ఏమన్నాడు? 1952లో, తన చేప నవల వచ్చిన ఏడాదే, కళావిమర్శకుడు బెరెన్సన్‌కు రాసిన ఉత్తరంలో ప్రతీకలూ గీతీకలూ ఏం లేవు పొమ్మన్నాడు. సముద్రాన్ని సముద్రంగానే రాశాడట. అలాగని ఆయనా తక్కువ తినలేదు లెండి. ముసలాయన అరచేతులు కోయించాడు, తెరచాప కొయ్యను భుజానికెత్తి మోయించాడు, చివరికి చేతులు చాపి బోర్లా పడుకోబెట్టాడు. శిలువ కనిపించిందన్న వాళ్ళది ఒట్టి కళ్ళ జబ్బు కాదు. కాకపోతే ఆ అరచేతుల్ని కోసింది చేప లాగుతున్న తాడు. దాని ఒరిపిడి తెలియకుండానే తిన్నగా శిలువ దగ్గరికి పరిగెత్తే పాఠకుడికి అక్కడ మాత్రం ఏం తెలుస్తుంది?

నిజంగా గూఢార్థం పెట్టి రాసిన పుస్తకం సంగతి వేరు. అందులోనూ పందులే! 'యానిమల్ ఫామ్' పట్టుకుని ఆర్వెల్ 1944లో లండన్ ప్రచురణకర్తల గుమ్మాలెక్కి దిగాడు. జొనాథన్ కేప్ వేద్దామనుకుని, ప్రభుత్వ సమాచార శాఖ అధికారి ఒకాయన వద్దనడంతో వెనక్కి తగ్గాడు. పాలకులుగా పందులు కాకుండా ఇంకేదైనా జంతువుంటే రష్యావాళ్ళు అంతగా నొచ్చుకోరని సలహా కూడా ఇచ్చాడు. ఫేబర్ సంస్థలో కూర్చున్న మహాకవి ఎలియట్ ఇంకో మెట్టు ఎక్కాడు. పందులకే తెలివెక్కువ కాబట్టి ఏలుబడి వాటిదే కావాలి, కొరతల్లా ప్రజాహితం కోరే పందులదేనన్న ధోరణిలో తిప్పి పంపాడు. అమెరికాలో ఒక సంస్థయితే జంతువుల కథలు ఇక్కడ అమ్ముడుపోవందని ఆర్వెల్లే చెప్పుకున్నాడు. ఆ చివరాయన అమాయకత్వం నాకు భలే నచ్చుతుంది. మిగతా అందరికీ, సర్కారు ఉద్యోగితో సహా, పందులెవరో ఇట్టే అర్థమైపోయింది. సెమినార్ పెట్టలేదు, పత్ర సమర్పణ జరగలేదు. 1945లో పుస్తకం వచ్చాక మామూలు పాఠకుడికీ ఎవరూ విప్పి చెప్పాల్సిన అవసరం రాలేదు.

మన దగ్గర గిరాకీ చూసి రచయితలు కూడా సరఫరా మొదలుపెట్టారు. కథ మొదట్లో కాకి వాలుతుంది. మధ్యలో గడియారం ఆగుతుంది. చివర్లో అద్దం పగులుతుంది. ఈ మూడింటి నడుమ ఏం జరిగిందని అడిగితే మీకు కథ అందలేదంటారు. ఆ కథలో మనిషికి ఊరుండదు, ఉద్యోగముండదు, కట్టాల్సిన ఫీజుండదు, చేబదులు అడిగే బావమరిది ఉండడు. అప్పు లేని తెలుగువాడు! దీన్ని మించిన మాంత్రిక వాస్తవికత లాటిన్ అమెరికాలోనూ దొరకదు. ఎందుకైనా మంచిదని కొందరు కథకన్నా పొడుగు ముందుమాట రాసి, కాకి ఎవరో, అద్దం ఎందుకు పగిలిందో తామే చెప్పేస్తున్నారు. అది చదివాక కథ చదివే పని మిగలడం లేదు. అంతవరకు వాళ్ళకు రుణపడి ఉన్నాను.