చెవుడెంత, పెడచెవి ఎంత

వయసుతోపాటు వచ్చే చెవుడు కృష్ణా డెల్టాలో వైద్య సమస్యగా గుర్తింపు పొందేలోపు చాలాకాలం కుటుంబ వ్యాజ్యంగానే నడుస్తుంది. ఇంటాయనకు చెప్పింది వినబడడం లేదన్నది ఇల్లాలి ఆరోపణ కాగా, ఇంట్లో అందరూ గొణుగుడు నేర్చారన్నది ఇంటాయన ప్రత్యారోపణ. ఈ వ్యాజ్యం ఏళ్ల తరబడి వాయిదాలు పడి, టీవీ సీరియల్ కథ వీధి మొత్తానికీ తెలిసిపోయే దశకు వచ్చాక, గుడివాడలోనో అవనిగడ్డలోనో బస్సెక్కి విజయవాడ సూర్యారావుపేటలోని ఆసుపత్రుల వీధులకు చేరుతుంది.

అక్కడ మొదటి విచారణ గులిమి మీద జరుగుతుంది. గులిమి గట్టిపడి దారి మూసేసినా వినికిడి తగ్గుతుంది కాబట్టి, ఆటోస్కోపు అనే దీపపు పరికరంతో కర్ణభేరి వరకు పరిశీలించి, అడ్డం ఉంటే తీసివేస్తారు; కొందరి కేసు ఇక్కడితోనే కొట్టుడుపోతుంది. మిగిలినవారిని బయటి చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోను తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కమంటారు. వినబడలేదని ఒప్పుకోవడం పరువు తక్కువగా భావించే పెద్దలు నిశ్శబ్దానికి కూడా మీట నొక్కుతారు గనుక, ఆడియాలజిస్టు, అనగా వినికిడిని కొలిచి చెవి మిషను అమర్చే నిపుణుడు, మధ్యమధ్య ఏ శబ్దమూ పంపకుండా ఊరుకొని వారి నిజాయితీని కూడా కొలుస్తాడు.

ఈ పరీక్ష ఫలితమైన ఆడియోగ్రామ్‌లో శబ్దపు కీచుదనాన్ని సాధారణంగా 250 నుంచి 8000 హెర్ట్జ్‌ల వరకు అడ్డంగానూ, ఎంత బిగ్గరగా ఉంటే వినబడిందో డెసిబెల్‌లలో నిలువుగానూ చూపిస్తారు. గీత కిందికి దిగినకొద్దీ చెవుడు ఎక్కువన్నమాట. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు వేయడం ఆనవాయితీ కావడంతో, ఉద్యోగమంతా ఆ రెండు గుర్తులూ పిల్లల పేపర్ల మీద పెట్టి రిటైరైన మాస్టార్లకు ఈ కాగితం సహజంగానే మనస్తాపం కలిగిస్తుంది.

వృద్ధాప్యంలో లోపలిచెవిలోని కాక్లియా అనే నత్తగుల్ల ఆకారపు అవయవంలో, కీచు శబ్దాలను పట్టే రోమకణాలు ముందుగా దెబ్బతింటాయి. అవి మళ్లీ పుట్టవు. భాషలో అచ్చులు బొంగురు శబ్దాలు కాగా స, ప, త, క వంటి హల్లుల గుర్తులు చాలావరకు కీచు శబ్దాల్లో ఉంటాయి కాబట్టి, అజంతమైన తెలుగులో పెద్దాయనకు ప్రతి పదం చివరి అచ్చూ చక్కగా అంది, హల్లును మాత్రం ఆయనే సొంతంగా సమకూర్చుకోవలసి వస్తుంది. “పాలు విరిగాయండీ” అని వంటింట్లోంచి కబురొస్తే, “కాలు విరిగిందా, ఎవరికి?” అని కంగారుపడేది ఇందువల్లనే. చెవిటివాడి ముందు శంఖం ఊదడం గురించిన సామెతకు కూడా ఇక్కడ సవరణ అవసరం: శంఖం ఆయనకు బాగానే వినబడుతుంది, వినబడనిది మనవరాలి మాట. పక్కింటాయన బొంగురు గొంతు అందుకునే చెవికి తన గొంతే ఎందుకు అందదన్న ఇల్లాలి అనుమానానికి ఆ విధంగా శాస్త్రీయమైన సమాధానం దొరుకుతుంది. మూడు గదుల అవతల మెల్లగా అనుకున్న పొలం అమ్మకం సంగతి ఎలా వినబడిందన్నదానికి మాత్రం ఆడియోగ్రామ్‌లో సమాధానం ఉండదు.

చెవుడు ఎక్కువైతే దారం కట్టిన చిన్న స్పాంజిని ముందు చెవిలో కాపలా పెట్టి, మెత్తని సిలికాన్ ముద్ద నింపి, గట్టిపడ్డాక తీసి, ఆ అచ్చుతో మిషనుకు తగిలించే, చెవికి సరిపడే మౌల్డు చేయిస్తారు. అది వదులైతే మిషను తన శబ్దాన్ని తానే మళ్లీ అందుకుని ఈల వేస్తుంది. ఆడియోగ్రామ్ ప్రకారం మిషనును కంప్యూటరుతో సరిచేసి పెట్టిన తొలిరోజున సీలింగు ఫ్యాను, పేపరు రెపరెప, కుక్కరు కూత ఒక్కసారిగా మీదపడతాయి. చెవి మూసుకుపోవడంవల్ల సొంత గొంతు మరీ గట్టిగా వినబడి, ఇంటిల్లిపాది ఇన్నేళ్లూ భరించినదేమిటో ఆయనకు మొదటిసారి తెలిసివస్తుంది. మెదడు ఈ రొదకు అలవాటుపడడానికి వారాలు పడుతుంది కాబట్టి, ఇంట్లో ఇద్దరి మాటలతో మొదలుపెట్టి, బీసెంట్ రోడ్డు సంతను తర్వాతికి ఉంచుకోవడం మేలు. పెళ్లి మండపంలో డోలు, సన్నాయి మధ్య చెవులు బాగున్నవారికే మాటలు వినబడవు గనుక, అక్కడ మిషనును నిందించడం న్యాయం కాదు.

బెజవాడ ఎండాకాలపు చెమట మిషనుకు ప్రధాన శత్రువు కావడంతో, రాత్రిపూట దాన్ని తేమ పీల్చే సిలికా జెల్ డబ్బాలో పెట్టాలి. జింక్ ఎయిర్ బ్యాటరీ స్టిక్కరు తీయగానే గాలి తగిలి పనిచేయడం మొదలుపెడుతుంది. పొదుపరులు సాయంత్రానికి స్టిక్కరు తిరిగి అంటించినా పెద్దగా ప్రయోజనం ఉండదు. 60 ఏళ్లు దాటిన పేదలకు, 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద మిషన్లు ఉచితంగా అందుతాయి. అయితే ఉచితంగా వచ్చినదైనా, లక్ష పోసి కొన్నదైనా, బీరువాలో ఉంటే రెండూ సమానమే.

ఈ బీరువా ప్రమాదాన్ని ఊహించే కాబోలు, నేటి డిజిటల్ మిషన్లలో చాలావాటికి రోజుకు ఎన్ని గంటలు వాడారో తమలోనే నమోదు చేసుకునే ఏర్పాటు ఉంటుంది. సరిచేయించుకోవడానికి మళ్లీ వచ్చిన పెద్దాయన “పొద్దున లేచింది మొదలు పెట్టుకునే ఉంటున్నానండీ” అని వాంగ్మూలం ఇస్తుండగా, కంప్యూటరు తెర మీద సగటున గంటన్నర అని కనబడుతుంది. చెవుడు వాటా ఆడియోగ్రామ్‌లో ఎప్పుడో తేలిపోయింది గనుక, మిగిలినదంతా పెడచెవి ఖాతాలో జమ చేసుకునే హక్కు అప్పటినుంచి ఇల్లాలికి దఖలు పడుతుంది.