అరనిమిషం పాటకి అంత చదువు

మా రోజుల్లో సీరియల్ ముందు వచ్చే పాటని దాటేసేవాళ్లు ఎవరూ లేరు. అది వినపడగానే వంటింట్లోవాళ్లు పొయ్యి తగ్గించి వచ్చేవారు, అరుగు మీదవాళ్లు కబుర్లు ఆపి లోపలికి వచ్చేవారు. ఇప్పుడు తెర మూలన 'స్కిప్ ఇంట్రో' కనపడీ కనపడకముందే పిల్లలు నొక్కేస్తున్నారు. ఒళ్లు మండిపోతుంది నాకు.

1988లో దూరదర్శన్‌లో 'భారత్ ఏక్ ఖోజ్' వచ్చేది. శ్యామ్ బెనెగల్ తీసిన 53 భాగాల సీరియల్. సృష్టికి ముందు ఏముండేదని అడిగే ఋగ్వేద సూక్తం బృందగానంగా మొదలయ్యేది. ముందు సంస్కృతంలో, ఆ వెంటనే హిందీలో. అర్థం తెలియనివాళ్లకి కూడా ఒళ్లు గగుర్పొడిచేది. దానికి బాణీ కట్టింది వన్‌రాజ్ భాటియా. లండన్ రాయల్ అకాడమీలో చదివి, పారిస్‌లో నాడియా బూలాంజే దగ్గర శిష్యరికం చేసి, ఢిల్లీ యూనివర్సిటీలో పాశ్చాత్య సంగీతం బోధించిన మనిషి. జలపాతం కింద అమ్మాయి తడుస్తూ కనిపించే లిరిల్ సబ్బు ప్రకటనకి బాణీ కట్టింది కూడా ఆయనే! అందులో మాటలు లేవు, ఉత్త రాగమే. అయినా దేశమంతా కూనిరాగం తీసింది. ప్రకటనలకి ఇలాంటి బాణీలు 7,000కు పైగా కట్టారంటారు. హైదరాబాద్ పక్క పల్లెలో తీసిన 'అంకుర్'కీ, తెలుగు సినిమా 'అనుగ్రహం'కీ సంగీతం ఆయనదే.

అంత చదువుకున్నాయన సబ్బు పాటని చిన్నచూపు చూడలేదు. ఎ.ఆర్.రెహమానూ అంతే. 'రోజా' సినిమాకి ముందు ఆయన చెయ్యి తిరిగింది ప్రకటనల జింగిల్స్‌లోనే. 1987లో మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ల వాచీల ప్రకటనతో మొదలుపెట్టారు.

అప్పట్లో వాద్యగాళ్లందరూ స్టూడియోలో కలిసి కూర్చుని వాయించేవారు. ఒక్కరు తప్పు వాయిస్తే అందరూ మళ్లీ మొదటినుంచి వాయించాల్సిందే. ఇప్పుడేమో కంప్యూటర్‌లో ముందే తయారై ఉన్న ముక్కల్ని అతికించి పంపేస్తున్నారు. అదీ కాదంటే హిట్టయిన సినిమా పాట కొనుక్కొచ్చి, మాటలు మార్చి వస్తువు పేరు ఇరికిస్తున్నారు. 5 సెకన్లకే 'స్కిప్ యాడ్' వచ్చేస్తుంటే పల్లవి ఎత్తుకోవడానికి చోటేదీ? అందుకే చెవిలో పడేదంతా చప్పుడే, గుర్తుండేది ఒక్కటీ లేదు.

మా రోజుల్లో అంతా బాగుందని మాత్రం అనను. భాటియాకి 2012లో పద్మశ్రీ ఇచ్చారు, సంతోషం. కానీ ముసలితనంలో ఆయన డబ్బుకి కటకటలాడారని 2019లో పేపర్లో చదివి నా కడుపు తరుక్కుపోయింది. ఊరూవాడా పాడుకున్న బాణీలు ఆయన్ని చివరిదాకా పోషించలేకపోయాయి. 2021లో కన్నుమూశారు.

ఒకప్పుడు సినిమా పాట ఎవరిదో చెప్పకుండా రేడియోవాళ్లు వేసేవారు కాదు. ప్రకటన మీద మాత్రం బాణీ కట్టినవాళ్ల పేరు ఈనాటికీ ఉండదు. ఆ పేరు తెర మీద వెయ్యండి. పాట మోగినన్నాళ్లూ వాళ్లకి రావలసింది ఇవ్వండి. సీరియల్ ముందు పాటని పూర్తిగా మోగనివ్వండి. అలా చేస్తే అంత చదువుకున్నవాళ్లు ఈ పనికి మళ్లీ వస్తారు.