పైన రికార్డో, కింద సే

స్వేచ్ఛా వాణిజ్యం గొప్పదనాన్ని చాటే పుస్తకానికే ఫ్రాన్సు బజారులో బేరం తగల్లేదు. ఆడమ్ స్మిత్ 'వెల్త్ ఆఫ్ నేషన్స్' 1776లో వచ్చింది. ఆ ఏడాదే అబ్బే మొరెల్లె దాన్ని ఫ్రెంచిలోకి దింపడానికి కూర్చున్నాడు. స్మిత్‌ను ఎరిగినవాడు, వాణిజ్య నిఘంటువుకే సన్నాహాలు చేసుకున్నవాడు. అచ్చు కాకుండా పోవడానికి ఇంతకన్నా అర్హతేం కావాలి? ముందు డబ్బడిగాడు, తర్వాత ఊరికే ఇస్తానన్నాడు. ఒక్క ప్రచురణకర్తా ముందుకు రాలేదు. అదృశ్య హస్తం ఆ పూట సెలవు పెట్టినట్టుంది. సరుకు తయారైతే గిరాకీ దానంతటదే పుడుతుందని ధైర్యం చెప్పడానికి జాన్ బాప్తిస్త్ సే ఇంకా పిల్లాడు.

ఈలోగా అబ్బే బ్లావె అనువాదం వ్యవసాయ పత్రికలో ధారావాహికగా వచ్చేసింది. 1790లో కవి రూషె రంగంలోకి దిగాడు. పన్నెండు నెలల మీద కావ్యం అల్లిన చేతికి ధాన్యం ధరలొక లెక్కా! చివర్లో కొండొర్సె వ్యాఖ్యలుంటాయని ఊరించారు. అవి రానే లేదు. 1794లో విప్లవం రూషె తల తీసింది. అనువాదానికి కాదులెండి. దానికే అయితే మన పాఠ్యపుస్తకాల కమిటీల్లో మెడలు మిగిలేవా?

1802లో గార్నియే వచ్చాడు. భాషా వచ్చు, విషయమూ వచ్చు. చిక్కంతా అక్కడే. నౌకర్లు, నటులతో పాటు ప్రభుత్వాధికారులనూ స్మిత్ అనుత్పాదకుల పద్దులో వేశాడు. నమ్మకంగా అనువదించిన గార్నియే, వ్యాఖ్యల్లోకి రాగానే ఆ గీత చెల్లదన్నాడు. కొన్నాళ్లకే నెపోలియన్ గారి సెనేటులో కూర్చున్నాడు. ఆ కుర్చీకీ ఈ వ్యాఖ్యకూ సంబంధం లేదనే అనుకుందాం.

అసలు విందు 1819లో. ఇంగ్లండ్ బట్ట నేయాలి, పోర్చుగల్ ద్రాక్షసారా తీయాలి అని ఎవరి పని వారికి పంచింది రికార్డో. ఆయన గ్రంథాన్ని ఫ్రెంచిలోకి తెచ్చిందేమో కొన్‌స్టాన్సియో అనే పోర్చుగీసు వైద్యుడు! పుట అడుగున కాపురం పెట్టింది సే. విలువకు మూలం శ్రమ అని పైన; కాదు, ఉపయోగం అని కింద. కొన్నది ఒక పుస్తకం, దక్కింది ఒక తగువు. ఇక 'రెంట్' అవస్థ చూడండి. ఫ్రెంచిలో ఇంటికి కట్టేది ల్వాయే, పొలానికి కట్టేది ఫెర్మాజ్. 'రాంత్' అంటే పారిస్ షావుకారుకు సర్కారు బాండ్ల వడ్డీ గుర్తొస్తుంది. మనవాళ్లు తెలివైనవాళ్లు. అద్దెనూ కౌలునూ వీధిలోనే వదిలేసి పుస్తకంలో 'భాటకం' పెట్టారు. ఎవరికీ అర్థం కాదు కనుక అపార్థం భయమూ లేదు.

సే బాకీ 1821లో తీరింది. ఆయన గ్రంథాన్ని ప్రిన్సెప్ అనే ఇంగ్లీషాయన అనువదించాడు. సే ఎంతో ముచ్చటపడి నిలబెట్టిన 'ఆంత్రప్రెన్యూర్' ఇంగ్లీషులో 'అడ్వెంచరర్' అయి కూర్చున్నాడు. అదీ చాలక, సే చెప్పింది తప్పని పుట అడుగున ప్రిన్సెప్ వ్యాఖ్యలు. అమెరికాలో బిడిల్ అనే పెద్దమనిషి ఆ వ్యాఖ్యల్ని ఏరి పారేశాడు. ఖాళీ అయిన చోట తన వ్యాఖ్యలు వేసుకున్నాడు.