క్షమాపణకి కవరేజీ లేదు

పెళ్లిభోజనాల్లో ప్రమాదాలకు కొదవ లేదు. గరిటె జారి వేడి సాంబారు పెళ్లికొడుకు మేనమామ ఒళ్లో పడొచ్చు. పందిరి గుంజ ఊడి ఫొటోగ్రాఫరు మీద వాలొచ్చు. పెరుగు పులిసి మూడొందల కడుపులు ఒకేసారి మొరాయించొచ్చు. అమలాపురం చుట్టుపక్కల కేటరింగు చేసుకునే నాకు నిద్దట్లో కూడా ఇవే కనిపిస్తాయి. పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఒకటి పడేస్తే పోతుంది కదా అని, ఇన్సూరెన్సు ఏజెంటైన మా తోడల్లుణ్ణి పిలిచాను.

"సాంబారు అతిథి ఒంటిమీద పడితే ఈ పాలసీ చాలు అన్నయ్యగారూ. అదే సాంబారు కడుపులో పడి వికటిస్తే మాత్రం ఫుడ్ అండ్ బెవరేజెస్ ఎక్స్‌టెన్షన్ విడిగా రాయించాలి" అన్నాడు.

"వడ్డించే కుర్రాడి మీద పడితే?"

"వాడు మన మనిషి కదండీ. పనివాళ్ల పరిహారానికి వేరే చట్టం ఉంది. ఆ పాలసీ వేరు."

"గాలివానకి పందిరి లేచిపోతే?"

"అది యాక్ట్ ఆఫ్ గాడ్. దానికి ఇంకో ఎక్స్‌టెన్షన్."

1996 తుపాను చూసిన కోనసీమవాణ్ణి, వద్దనే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

తర్వాత నిష్పత్తి. ఒక ప్రమాదానికి ఎంత, ఏడాది మొత్తానికి ఎంత అని. 1:1 అయితే ఒక్క విందు వికటించిందంటే పాలసీ మొత్తం ఊడ్చుకుపోవచ్చు, మిగతా ముహూర్తాలు మన పూర్వపుణ్యం మీద నడవాలి. 1:4 అయితే ప్రీమియం చూసి మా ఆవిడ మాట్లాడ్డం మానేస్తుంది. 1:2 దగ్గర ఆగాను.

2019 వినియోగదారుల చట్టం కింద, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకి ఫీజే లేదని కూడా బెదిరించాడు. మా వైపు పెళ్లివారికి కమిషన్ ఎందుకండీ? బాకీలో కోసేస్తారు. ఆ కోతకి ఎక్స్‌టెన్షన్ ఉందా అని అడిగాను. లేదట.

అసలు పిడుగు షరతుల్లో ఉంది. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా మనం తప్పు ఒప్పుకోకూడదు, డబ్బిస్తామని మాటివ్వకూడదు. నాకు చెమటలు పట్టాయి. ఈ వ్యాపారంలో నా పెట్టుబడి గుండిగలూ గాడిపొయ్యిలూ కాదు, "తప్పయిపోయింది బాబాయిగారూ" అన్న ఒక్క మాట. బూరెలు చల్లారినా, ఆఖరి పంక్తికి పనసపొట్టు కూర అందకపోయినా, చేతులు నలుపుకుంటూ ఆ మాట అనేస్తే సగం బాకీ వసూలైనట్టే.

"నోరు జారకండి అన్నయ్యగారూ, క్లెయిము పోతుంది" అని సంతకాలు పెట్టించుకుని వెళ్లాడు.

మొన్న ముమ్మిడివరం పెళ్లిలో చారు ఒలికి ఒక పెద్దాయన పట్టుపంచె పాడైంది. తడిసిన చెంగు పట్టుకుని వచ్చి నా ముందు నిలబడ్డారు. నాలిక చివరిదాకా వచ్చిన మాటని మింగేసి, "కంపెనీకి తెలియజేస్తానండి" అన్నాను.

"ఏ కంపెనీ? అయితే వంట నువ్వు చెయ్యలేదా?" అంటూ ఆయన పెళ్లికూతురి తండ్రిని కేకేశారు.

పంచె సంగతి అందరూ మర్చిపోయారు. బయటి వంట తెచ్చి పెట్టానని బాకీలో పదివేలు కోశారు.