పట్నం చూపించే కాక

ఇస్నాపూర్ నుంచి బీరంగూడ దాకా ఏ కాలనీలో అడిగినా పట్నం చూపించే కాక ఒకడు దొరుకుతాడు. సొంతూరు నారాయణఖేడ్ వైపో, జహీరాబాద్ వైపో. పాతికేళ్ల కింద కాంట్రాక్టు లేబరుగా వచ్చి, ఇప్పుడొక మందుల కంపెనీలో ఆపరేటరై, తాను పర్మనెంటో కాదో తనకే సరిగ్గా తెలియకుండా స్థిరపడిపోయిన మనిషి. ఊరి నుంచి చుట్టాలు దిగీ దిగగానే, చిన్నమ్మ ఇంకా మంచినీళ్ల చెంబు అందించకముందే, కాక ప్రకటన వెలువడుతుంది: "ఆదివారం ట్యాంక్‌బండ్. ఏడు గొట్టంగనే అందరు తయారుగుండాలె."

కాక ఉండే పటాన్‌చెరు 2007లోనే గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. కాగితాల ప్రకారం కాక పట్నంలోనే ఉంటున్నాడు, ఇంటి పన్నూ పట్నానికే కడుతున్నాడు. అయినా "పట్నం పోతున్నం" అనే అంటాడు. ఆయన లెక్కలో పట్నమంటే ఒక కట్ట, కట్ట మీద విగ్రహాలు, పక్కన నీళ్లు, నీళ్ల నడుమ బుద్ధుడు. చార్మినార్ చూపించమని ఎవరైనా అడిగితే "ఆడ బండి పెట్ట జాగుండది" అని తేల్చేస్తాడు. కాక ఏనాడూ బండి మీద వెళ్లడు, వెళ్లేది బస్సులో, రైల్లోనే. పటాన్‌చెరులో సాకి చెరువుంది. దాన్ని ఏ చుట్టానికీ చూపించిన పాపాన పోలేదు. ఇంటి దగ్గర చెరువు చెరువెట్లయితది?

పట్నం ప్రయాణానికి కాక సేఫ్టీ షూ వేసుకుంటాడు. కంపెనీ ఇచ్చినవి, వేళ్ల మీద ఇనుప రేకు ఉన్నవి. "కట్ట మీద గాజుపెంకులుంటయ్" అని కారణం చెబుతాడు. భుజాన దీపావళికి కంపెనీ పంచిన సంచి, అందులో చిన్నమ్మ కట్టిన జొన్నరొట్టెలు, పచ్చికారం, కూల్‌డ్రింకు సీసాలో నీళ్లు. సికింద్రాబాద్ పోయే 219 నంబరు బస్సు కళ్ల ముందు ఆగినా సికింద్రాబాద్ దాకా టికెట్ తీయడు. లింగంపల్లిలో దిగాలి, ఎంఎంటీఎస్ రైలు పట్టాలి, నెక్లెస్ రోడ్ స్టేషన్‌లో దిగాలి. అదే శాస్త్రం. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు కాబట్టి చిన్నమ్మకూ, ఆమె తమ్ముడి భార్యకూ జీరో టికెట్లు వస్తాయి. తనకూ బావమరిదికీ రెండు టికెట్లు కొట్టించుకుని, ఇక సాయంత్రం దాకా "ఖర్సంత నాదే, మీరు జేబుల చెయ్యి వెట్టొద్దు" అంటుంటాడు.

నెక్లెస్ రోడ్డులో దిగి హుస్సేన్‌సాగర్ వైపు నాలుగడుగులు వేశారో లేదో చుట్టాలు కొంగులూ రుమాళ్లూ ముక్కులకు అడ్డం పెట్టుకుంటారు. కాక అక్కడే నిలబడతాడు. కళ్లు సగం మూసి, గాలిని రెండుసార్లు నెమ్మదిగా లోపలికి పీల్చి, తీర్పు చెబుతాడు.

"ఇది మనది గాదు."

"ఏంది బావా మనది గానిది?"

"వాసన. మనదైతే కండ్లల్ల నీళ్లొస్తయ్. ఇది ఒట్టి మోరీ, పైకెళ్లి జెర జీడిమెట్ల."

నవ్వుకోవచ్చు గానీ, ఆ ముక్కుకు భూగోళం తెలుసు. జీడిమెట్ల, బాలానగర్ ఫ్యాక్టరీల మురికి ఏళ్ల తరబడి కూకట్‌పల్లి నాలా గుండా హుస్సేన్‌సాగర్‌లోకే చేరింది. పటాన్‌చెరు మురికి దారి వేరు. అది నక్కవాగులో పడి మంజీరాకు పోయేది. తర్వాత కోర్టులూ కేసులూ అయి, శుద్ధి చేసిన కంపెనీ నీళ్లను పట్నం డ్రైనేజీలో కలిపి అంబర్‌పేటకు పంపడానికి 18 కిలోమీటర్ల పైపులైను వేశారు. ఈ పైపులైను సంగతి చెప్పేటప్పుడు కాక గొంతులో కొంచెం గర్వం, కొంచెం అసూయ. "మన కంపెనీ నీళ్లు రోజు పట్నమొస్తయ్. మనమే ఆర్నెల్లకొకపారి వస్తున్నం."

చరిత్ర విషయంలోనూ కాకది ప్లాంటు చూపే. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో ఈ చెరువు కట్టారు, హైదరాబాద్ నగరం 1591లో వెలిసింది అని బడిపిల్లవాడు మేనల్లుడు పుస్తకంలో చదివింది అప్పజెబితే, కాక ఆగి తల ఊపుతాడు. "చూసిన్రా? ముందుగాల నీళ్ల ట్యాంకు, ఎనుక ప్లాంటు. గదీ ప్లానింగంటే. మా దాంట్ల ఉల్టా. ప్లాంటు షురువైనంక నీళ్లకు దేవులాడిన్రు." కుతుబ్‌షాహీల గురించి ఇంతకంటే గొప్ప పొగడ్త నేనెక్కడా వినలేదు.

కట్ట మీద విగ్రహాల దగ్గర మాత్రం కాక విద్వత్తు కాస్త కుంటుతుంది. ఎన్టీఆర్ 1986లో పెట్టించిన తెలుగు ప్రముఖుల విగ్రహాలవి, మొత్తం 33. ఒక్కొక్క దిమ్మె మీద పేరు చదవడం కాకకు నామోషీ. ఆయనకు సొంత సూత్రాలున్నాయి. గడ్డముంటే వేమన. తంబురా ఉంటే అన్నమయ్య. కత్తి ఉంటే కృష్ణదేవరాయలు. పాంటు వేసుకున్నవాళ్లంతా ఇంజినీర్లు. ఈ పద్ధతిలో కాటన్ దొర ఒక్కడే కచ్చితంగా కుదురుతాడు. మిగతా వాళ్లలో కొందరు కవులకు కాక చేతి మీదుగా ఇంజినీరింగు పట్టాలు దక్కాయి. మేనల్లుడు దిమ్మె మీద అక్షరాలు కూడబలుక్కుని "మామా, ఈయన కవి అంట" అంటే, "అయితే ఏంది? డ్యూటీ అయినంక రాసుకుంటుండొచ్చు" అంటాడు.

సచివాలయం ఎదురుగా ఉన్న అమరుల స్మారకం 2023 జూన్ 22న ప్రారంభమైంది. ప్రమిద ఆకారంలో, మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలుతో, అతుకు కనపడకుండా కట్టారు. చుట్టాలు అందులో ఆకాశం చూసి ఫోటోలు దిగుతుంటే కాక ఒక కన్ను మూసి, మెడ వంచి, ఆ వంపు వెంబడి చూపు నడిపిస్తాడు. వెల్డింగు అతుకు కోసం వెతుకులాట. మందుల కంపెనీ రియాక్టర్ల లోపలి గోడల మీద అతుకు ఎక్కడ గరుకుగా ఉందో చేత్తో తడిమి చెప్పగల మనిషి. పావుగంట వెతికినా దొరకదు. "బఫింగు మస్తు జేసిన్రు" అని ఒప్పుకుంటాడు. మళ్లీ పౌరుషం కొద్దీ స్టీలు రకం అడుగుతాడు: "ఇంతకు ఇది త్రీ నాట్ ఫోరా, త్రీ సిక్స్‌టీనా?" బావమరిది అదేదో బస్సు నంబరనుకుని రోడ్డు వైపు చూస్తాడు.

అసలు కథ బుద్ధుడి దగ్గర. కాకకు ఇదొక్కటే వచ్చినా పట్నం మొత్తం వచ్చినట్టే. భువనగిరి దగ్గర రాయగిరి గుట్ట నుంచి ఒక్క రాయి తీశారు. గణపతి స్థపతి చెక్కించాడు. 192 చక్రాల బండి మీద తెచ్చారు. ఆ చక్రాల దగ్గర కాక తప్పకుండా ఆగుతాడు, "పంచరైతే ఏ టైరని దేవులాడుతవ్?" అని మేనల్లుణ్ని నిలదీస్తాడు. ఇక బరువు. రాసేవాళ్లను బట్టి 320 టన్నులు, 350, 450 అని మారుతుంటుంది. కాక 450 దగ్గర స్థిరపడ్డాడు. "మా కంపెనీ హైడ్రా క్రేను లేపేది పన్నెండు టన్నులు. గదానికే డ్రైవరు బీడీ ముట్టిచ్చుకోని అటీటు నాల్గుసార్లు జూస్తడు. గివి నాలుగు వందల యాభై!"

బుద్ధుడి చిరునవ్వు గురించి రాసినవాళ్లు బోలెడుమంది. ఆ రాయికి తాడు ఎక్కడ కట్టారు, బార్జి మీద బరువు ఏ పక్కకు వాలింది అని అడిగిన యాత్రికుణ్ని నేను కాకలోనే చూశాను. 1990 మార్చి 10న బార్జి ఒరిగి విగ్రహం నీళ్లలో పడింది. పనివాళ్లు కొందరు చనిపోయారు. రెండేళ్లకు పైగా బుద్ధుడు చెరువు అడుగున పడుకుని, 1992 డిసెంబరు 1న సాగర్ నడుమనున్న గిబ్రాల్టర్ రాయి మీద లేచి నిలబడ్డాడు. ఇంతదాకా చేతులూపుతూ చెప్పిన కాక, చనిపోయినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి చేతులు వెనక్కి కట్టుకుంటాడు. "లోడు సక్కగ కట్టలె. సేఫ్టీ ఆఫీసరెవడో?" ఒకప్పుడు ఈ మాట నవ్వుతూ అనేవాడు. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో పేలుడు జరిగిన తర్వాత నవ్వడం మానేశాడు.

ఇంకో లెక్క కూడా కాక దగ్గరుంది. బార్జి ఒరిగింది మార్చి 10. తెలంగాణ ఉద్యమంలో మిలియన్ మార్చ్ జరిగి కట్ట మీది విగ్రహాలు కొన్ని కూలింది 2011లో, అదీ మార్చి 10. తర్వాత వాటిని మళ్లీ పెట్టారు గానీ, కాక మాత్రం ఏటా మార్చి 10న ఎవరు పిలిచినా ట్యాంక్‌బండ్ వైపు రాడు. ఆ రోజు తప్పకుండా ఓటీ చేస్తాడు. కంపెనీలో ఏ ప్రమాదం జరగదా అని అడిగితే, "ఆడైతే ఏ రోజైనా ఒకటే" అన్నాడు.

పడవ ఎక్కే దగ్గర లైఫ్ జాకెట్ల పంపిణీ కాక చేతిలోకి వెళ్లిపోతుంది. పడవవాళ్లు ఇచ్చినవి చుట్టాలకు తొడిగి, బకిళ్లు గుంజి చూసి, ఊపిరాడనంతగా బిగిస్తాడు. బుద్ధుడి కాళ్ల దగ్గర దిగి అందరూ పైకి చూసి దండం పెడితే, కాక కిందికి చూస్తాడు, పునాది దగ్గర. బోల్టులు వెతుకుతున్నాడని చిన్నమ్మకు ఒక్కదానికే తెలుసు.

చీకటి పడ్డాక కట్ట మీద కాల్చిన మక్కకంకులు కొనిపెడతాడు. బేరం ఆడకుండా డబ్బిస్తాడు, చుట్టాలు చూస్తున్నారు కదా. తిరుగు రైలులో కిటికీ పక్క సీటు దొరికితే అప్పుడే తర్వాతి కార్యక్రమం మొదలు. సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలుంది, దాన్ని మ్యూజియం చేశారు. 500 రూపాయలు కడితే ఒక రోజంతా ఖైదీలా లోపల ఉండే ఏర్పాటు 2016లో పెట్టారు. ఖైదీ బట్టలు, జైలు తిండి ఇస్తారని, ఉండే గది తామే ఊడ్చుకోవాలని కాక ఊరిస్తుంటే బావమరిదికి ఆశ పుట్టింది.

"బావా, ఈసారొచ్చినప్పుడు దానికే పోదాం."

పొద్దుటి నుంచీ పెద్దగా నోరు విప్పని చిన్నమ్మ రొట్టెల డబ్బా మూత బిగించింది. "డ్రెస్సిస్తరు, క్యాంటీన్ల తిండి వెడ్తరు, గేటు దాటనియ్యరు, పని జేపిస్తరు. రేపు నైటు షిఫ్టుకు మీ బావ ఎంట వో తమ్మీ. ఐదు వందలు మిగుల్తయ్."