గోల్ లేకుండా గోల

ఫైనల్లో ఒక్క గోలూ కొట్టకుండా కప్పు కొట్టడమెలాగో ఒమన్‌నే అడగాలి. 2009 జనవరిలో మస్కట్‌లో సౌదీతో గల్ఫ్ కప్ ఫైనల్: సున్నా-సున్నా. పెనాల్టీల్లో 6-5తో గెలుపు. 2018 జనవరిలో కువైట్‌లో యూఏఈతో మళ్లీ సున్నా-సున్నా, మళ్లీ పెనాల్టీలు, 5-4. మైదానంలో గోల్ లేకపోతేనేం, ఊళ్లో గోల చాలదూ! అంతకుముందు 2004, 2007 ఫైనల్స్‌లో వరసగా ఓడిన కడుపుమంట కూడా ఉందాయె.

మస్కట్ మామూలుగా మహా పద్ధతైన ఊరు. కారు మురికిగా ఉంటే జరిమానా. బయటికి కనిపించేలా బాల్కనీలో లుంగీ ఆరేస్తే మున్సిపాలిటీవాళ్లకి కోపం. కప్పు వచ్చిన రాత్రి మాత్రం ఆ బాల్కనీకే జెండా వేలాడదీసి, కారు కిటికీలోంచి నడుం దాకా బయటికొచ్చి, తెల్లారేదాకా హారన్ కొట్టొచ్చు.

మరి అక్కడున్న మనవాళ్లు? హారన్ల మధ్య ఇరుక్కుని, "రేపు సెలవిస్తారంటావా అన్నా?" అని ఆరా తీసే రకం. పోనీ క్రికెట్‌కైనా కదిలారా అంటే, హైదరాబాద్‌లో పుట్టిన సందీప్ గౌడ్ ఒమన్ జట్టుకి ఆడతాడని చెబితే "మనోడేనా!" అని ఆశ్చర్యపోయారు. 2021 అక్టోబర్ 17న ఒమన్‌లోనే, అల్ అమెరాత్‌లో టీ20 ప్రపంచ కప్ మ్యాచ్. పపువా న్యూ గినియాని ఒమన్ పది వికెట్ల తేడాతో ఉతికేసింది. ఉతికి ఆరేసింది అందామంటే మళ్లీ బాల్కనీ గొడవ. మనవాళ్లేమో ఆ పూట, వారం తర్వాత దుబాయ్‌లో జరిగే భారత్-పాక్ పోరుకి టికెట్లు వెతుకుతున్నారు.